చివరి వరుసలో కూర్చున్న బిడ్డే మన బడికి కొలత
(శ్రీకాకుళం జిల్లాలోని ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో, విద్యా సంవత్సరం ఆరంభంలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో ప్రధానోపాధ్యాయుని ప్రసంగ పాఠం)

గౌరవనీయులైన పాఠశాల యాజమాన్య కమిటీ అధ్యక్షురాలికి, సభ్యులకు, పొలం పనులు ఒక పూట ఆపుకుని వచ్చిన తల్లిదండ్రులకు, కొడుకులూ కోడళ్ళూ వలస వెళ్ళగా మనవలను వెంటబెట్టుకుని వచ్చిన నాన్నమ్మలకు, అమ్మమ్మలకు, తాతలకు, అంగన్‌వాడీ కార్యకర్తకు, నా సహోపాధ్యాయులకు నమస్కారం.

బడి తెరిచిన మొదటి నెలలోనే ఈ సమావేశం జరపాలని కమిటీ కోరింది. ఈ బడిలో పిల్లలకు ఏమి నేర్పుతారు, ఎందుకు నేర్పుతారు, నేర్చుకున్నారని ఎలా తెలుస్తుంది అనే మూడు ప్రశ్నలకు ప్రధానోపాధ్యాయుడు అందరి ఎదుటా జవాబు చెప్పాలని సభ్యులు అడిగారు. అడగవలసిన ప్రశ్నలే అడిగారు. వాటికి జవాబు చెప్పడం మా బాధ్యత.

ముందుగా అసలు మాట చెబుతాను. తరగతిలో అందరికంటే వెనుక ఉన్న బిడ్డ కూడా, ఐదో తరగతి దాటి వెళ్ళేనాటికి, తన వయసుకు తగిన పుస్తకాన్ని అర్థం చేసుకుంటూ చదవగలగాలి, తన మనసులో ఉన్నది నాలుగు వాక్యాలలో రాయగలగాలి, రోజువారీ లెక్క తడుముకోకుండా చేయగలగాలి, తెలియనిదాన్ని భయం లేకుండా అడగగలగాలి. మిగిలిన మా లక్ష్యాలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి. ముందు వరుసలో కూర్చునే చురుకైన పిల్లలు ఇంటి దగ్గర కొంత, అన్నయ్య పుస్తకం చూసి కొంత, బడిలో కొంత నేర్చుకుంటారు. వాళ్ళను చూపించి బడి బాగుందనడం తేలిక. ఇంట్లో అక్షరం చూపించేవాళ్ళు ఎవరూ లేని బిడ్డకు మాత్రం ఈ బడి తప్ప వేరే దారి లేదు. కనుక బడి పనిచేస్తోందో లేదో ఆ బిడ్డను చూసే తేల్చాలని మా ఉపాధ్యాయులందరం నిర్ణయించుకున్నాం.

ఇది మా దయాదాక్షిణ్యాల మీద ఆధారపడిన విషయం కాదని కూడా మీకు తెలియాలి. పిల్లలందరికీ ప్రాథమిక విద్యను నిర్బంధం చేయాలని గోపాలకృష్ణ గోఖలే 1911లోనే బిల్లు తెచ్చారు, మరుసటి ఏడాది అది వీగిపోయింది. స్వతంత్రం వచ్చాక రాజ్యాంగం పదేళ్ళ గడువు పెట్టుకుంది, ఆ గడువూ దాటిపోయింది. చివరకు 2002లో 86వ రాజ్యాంగ సవరణతో చదువు ప్రాథమిక హక్కు అయింది, 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమలులో ఉంది. ఆ చట్టంలోని 29వ సెక్షను ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోదగినది. బోధన రాజ్యాంగ విలువలకు అనుగుణంగా ఉండాలని, బిడ్డ సర్వతోముఖంగా ఎదగాలని, పిల్లలు చేసి చూసి వెతికి తెలుసుకుంటూ నేర్చుకోవాలని, వీలైనంతవరకు మాతృభాషలో బోధన సాగాలని, భయమూ బెదురూ లేని చోట చదువు జరగాలని, బిడ్డ అర్థం చేసుకున్నదాన్ని నిరంతరం అంచనా వేస్తుండాలని ఆ సెక్షను చెబుతోంది. నూరేళ్ళ ఆలస్యం తరువాత చేతికి వచ్చిన హక్కు ఇది. కాగితం మీది ఆ మాటలు మన తరగతి గదిలోకి ఎలా వస్తాయన్నదే ఇప్పుడు చెబుతాను.

చదవడంతో మొదలుపెడతాను, ఎక్కువసేపు దాని గురించే మాట్లాడతాను. రెండో తరగతి బిడ్డ పాఠ్యపుస్తకం తెరిచి, బొమ్మ కింద ఉన్న మూడు వాక్యాలను గడగడా అప్పజెబుతుంది. వింటున్న తల్లికి కడుపు నిండిపోతుంది. అదే పేజీలో బొమ్మను చేత్తో మూసి, రెండో వాక్యం మధ్యలో ఉన్న ఒక పదం మీద వేలు పెట్టి ఇదేమిటమ్మా అని అడిగితే, ఆ బిడ్డ మళ్ళీ మొదటి వాక్యం నుంచి లోలోపల చెప్పుకుంటూ వచ్చి ఆ పదం దగ్గర ఆగుతుంది. అంటే అది చదవలేదు, విన్నదాన్ని గుర్తుంచుకుంది. గుర్తుంచుకోవడం తప్పేమీ కాదు, కానీ రేపు కొత్త పుస్తకం చేతికి వచ్చినప్పుడు ఆ జ్ఞాపకం అక్కరకు రాదు. ఇంకో బిడ్డ ఒక్కొక్క అక్షరాన్నీ గుర్తుపడుతుంది, కానీ ప, వ ఎదురైనచోట ఆగిపోతుంది, ఒత్తు వచ్చినచోట దాన్ని వదిలేసి ముందుకు పోతుంది. వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో దానికి గుర్తుండదు. ఈ ఇద్దరికీ అవసరమైన బోధన ఒకటి కాదు. మొదటి బిడ్డకు తెలిసిన పదాలను విడగొట్టి, వాటి అక్షరాలతోనే కొత్త పదాలు కట్టించాలి. రెండో బిడ్డకు ఒత్తులున్న చిన్న చిన్న పదాలతో, రోజూ కొద్దిసేపు, ఒక పెద్దవారు పక్కన కూర్చుని అభ్యాసం చేయించాలి. ఇద్దరినీ ఒకే వరుసలో నిలబెట్టి పాఠం అంతా పదిసార్లు రాసుకురమ్మంటే చేతులు నొప్పి పుడతాయి తప్ప చదువు రాదు.

మూడో తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డా అర్థవంతంగా చదవాలని, ప్రాథమిక లెక్కలు చేయాలని 2020 జాతీయ విద్యా విధానం గట్టిగా చెప్పింది. దాని వెంటనే 2021 జూలైలో నిపుణ్ భారత్ కార్యక్రమం మొదలైంది. ఆ గడువును నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఎందుకంటే మూడో తరగతి వరకు బిడ్డ చదవడం నేర్చుకుంటుంది, ఆ తరువాత చదివి నేర్చుకుంటుంది. నాలుగో తరగతిలో పరిసరాల విజ్ఞానం పుస్తకం తెరిచినప్పుడు నీటి చక్రం అర్థం కాని బిడ్డకు చాలాసార్లు తెలియనిది నీటి చక్రం కాదు, ఆ పేజీ మీద ఉన్న తెలుగు. అందువల్ల ఈ ఏడాది ఒకటి, రెండు, మూడు తరగతులలో ప్రతిరోజూ మొదటి గంట చదవడానికే. గ్రంథాలయం బీరువాకు తాళం ఉండదు. పుస్తకాలు చిరిగిపోతాయన్న భయంతో వాటిని దాచిపెట్టడం ఈ బడిలో జరగదు. చిరిగినవాటిని పిల్లలే అంటించుకుంటారు.

భాష గురించి మాట్లాడేటప్పుడు, కొండ దిగి మన బడికి వస్తున్న సవర పిల్లలను తలచుకోకుండా ఉండలేను. ఇంట్లో సవర, ఊరిలో తెలుగు, పుస్తకంలో వేరే రకం తెలుగు, పక్క పేజీలో ఇంగ్లీషు. ఆరేళ్ళ బిడ్డ మీద ఇన్ని భాషలు ఒక్కసారి వచ్చి పడితే, ఆ బిడ్డ మౌనంగా కూర్చుంటుంది. ఆ మౌనాన్ని చూసి మందబుద్ధి అనుకోవడం ఘోరమైన అన్యాయం. ఈ సంగతి మన ప్రాంతానికి కొత్త కాదు. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి గారు, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు, ఆ భాషలో వాచకాలు తయారుచేశారు, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు నడిపారు. పెద్దల వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. పిల్లల ఇంటి భాష కోసం ఆయన పడిన శ్రమ కూడా అంతే గొప్పదని నా నమ్మకం. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో సవరతో సహా ఎనిమిది గిరిజన భాషలలో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం ఆ దారిలోనే నడిచింది. మన బడిలో సవర పిల్లలు మొదటి రెండేళ్ళు తమ భాషలో జవాబు చెప్పవచ్చు. ఆ జవాబును తెలుగులో అందరికీ వినిపించే పని పై తరగతి పిల్లలు చేస్తారు. వాళ్ళ తల్లిదండ్రులలో కథలు చెప్పగలిగినవారు శనివారం వచ్చి తమ భాషలోనే చెప్పమని ఈ సభాముఖంగా ఆహ్వానిస్తున్నాను. తెలుగు పిల్లలు కూడా కూర్చుని వింటారు.

ఇంగ్లీషు సంగతి చాలామంది తల్లిదండ్రులు విడివిడిగా అడిగారు కనుక ఇక్కడే చెబుతాను. పట్నం బళ్ళలో పిల్లలు ఇంగ్లీషు పద్యాలు పాడుతున్నారు, మన పిల్లలు వెనకబడిపోతారా అన్నది మీ ఆందోళన. ఆ ఆందోళన న్యాయమైనదే. ఇంగ్లీషు రాకపోవడం వల్ల తలుపులు మూసుకుపోయిన అనుభవం మీలో ఎందరికో ఉంది. ఇప్పుడు మన పుస్తకాలలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉంటున్నాయి. వాటిని మేము ఉపయోగించే పద్ధతి ఏమిటంటే, విషయం ముందు పిల్లలకు తెలిసిన భాషలో తేటతెల్లం చేస్తాం, ఆ తరువాత అదే విషయాన్ని ఇంగ్లీషులో వినిపించి, పలికించి, రాయిస్తాం. అర్థం తెలియని ఇంగ్లీషు వాక్యాన్ని బట్టీ పట్టించి మీ ముందు అప్పజెప్పించడం మాకు చేతకాక కాదు. అది బిడ్డను మోసం చేయడమే కనుక చేయం.

ఇక లెక్కలు. మూడో తరగతిలో యాభై రెండు నుంచి ఇరవై ఏడు తీసివేయమని పలక మీద రాసి ఇస్తే, చాలామంది పిల్లలు 35 అని వేస్తారు. ఆ బిడ్డను తిట్టకుండా, ఎలా చేశావో చెప్పమని అడిగి చూడండి. రెండులో నుంచి ఏడు పోదు, కాబట్టి ఏడులో నుంచి రెండు తీసేశాను, ఐదు వచ్చింది, ఐదులో నుంచి రెండు తీస్తే మూడు అని ఎంతో నమ్మకంగా చెబుతుంది. ఇది నిర్లక్ష్యం కాదు. పెద్దదానిలో నుంచి చిన్నదాన్ని తీయాలని ఒకప్పుడు మనమే చెప్పిన మాటను ఆ బిడ్డ శ్రద్ధగా పాటించింది. ఎర్ర సిరాతో తప్పు గుర్తు పెట్టి 25 అని రాసి ఇస్తే రేపు ఇంకో లెక్కలో అదే తప్పు చేస్తుంది. అందుకు బదులుగా చీపురు పుల్లలను పదేసి చొప్పున కట్టలు కట్టి, ఐదు కట్టలూ రెండు విడి పుల్లలూ చేతికి ఇచ్చి, ఇరవై ఏడు నాకు ఇవ్వమ్మా అంటాం. రెండు కట్టలు ఇచ్చేస్తుంది, విడిగా ఏడు కావాలి, చేతిలో రెండే ఉన్నాయి. కొంతసేపు మన మొహం వంక, పుల్లల వంక చూసి, తానే ఒక కట్ట తాడు విప్పుతుంది. ఎవరూ చెప్పకుండా తాడు విప్పిన బిడ్డకు పది అరువు తెచ్చుకోవడం ఏమిటో మళ్ళీ చెప్పనక్కరలేదు.

ఇంకో సంగతి కూడా గమనించాం. వారపు సంతలో తల్లి పక్కన కూర్చుని కూరగాయలు అమ్మే బిడ్డ, జీడిపిక్కల కాలంలో తండ్రితో కలిసి తూకం చూసే బిడ్డ, నోటితో చిల్లర లెక్క తప్పు లేకుండా చెబుతారు. అదే లెక్క నోటుపుస్తకంలో కనిపిస్తే బిగుసుకుపోతారు. ఆ పిల్లలకు లెక్కలు రావని రాసేయడం ఎంత అన్యాయమో ఆలోచించండి. బడి బయటి జీవితంతో చదువును ముడివేయాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం చెప్పింది ఇందుకే. సంతలోని ధరలు, తూకాలు, కొబ్బరికాయల లెక్క, బస్సు చార్జీలు మా తరగతి గదిలో లెక్కల పాఠాలవుతాయి. మీ పని గురించి పిల్లలు ప్రశ్నలు అడుగుతూ ఇంటికి వస్తే విసుక్కోకుండా చెప్పండి, అది ఇంటిపనే. ఒకటి, రెండు తరగతులకు రాతపని ఇంటికి ఇవ్వకూడదని 2020లో వచ్చిన బడి సంచుల విధానం చెబుతోంది, మేము దానిని పాటిస్తాం. పుస్తకాల సంచి తేలికగా ఉందని, ఇంట్లో రాసుకునేది లేదని దయచేసి కంగారు పడవద్దు.

భయం గురించి గట్టిగా చెప్పవలసి ఉంది. ఒకటి వేసైనా సరే చదువు చెప్పండి మాస్టారూ అని మీలో కొందరు ప్రేమతోనే అంటారు. చట్టంలోని 17వ సెక్షను శారీరక దండనను, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. చట్టం లేకపోయినా మేము కొట్టం. దెబ్బ తిన్న బిడ్డ నేర్చుకునేది ఒక్కటే, తెలియనిదాన్ని దాచుకోవడం. తెలియనిది దాచుకున్న బిడ్డకు దాన్ని ఏ ఉపాధ్యాయుడు నేర్పగలడు? తప్పు జవాబు చెప్పిన బిడ్డను చూసి తక్కిన పిల్లలు నవ్వకుండా చూడటం కూడా ఉపాధ్యాయుని పనిలో భాగమే. ఇంటి దగ్గర, పక్కింటి పిల్లవాడితో పోల్చి నలుగురిలో చులకన చేయకుండా ఉండటం మీ వంతు.

రాజ్యాంగ విలువలు అనగానే గోడ మీద రాసిన పీఠిక గుర్తుకు వస్తుంది. పిల్లలు దాన్ని ప్రార్థనలో చదువుతారు, మంచిదే. కానీ ఏడేళ్ళ బిడ్డకు సమానత్వం అంటే ఏమిటో మధ్యాహ్నం అన్నం దగ్గర తెలుస్తుంది. వండిన భోజనమే పెట్టాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించిన తరువాత, మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి ప్రాథమిక పాఠశాలల్లో అన్నం పెడుతున్నాం. ఈనాడు గుడ్డు, చిక్కీ, రాగిజావ కూడా చేరాయి. ఆకలితో ఉన్న బిడ్డకు అక్షరం ఎక్కదు కనుక ఇది పౌష్టికాహారం, అందులో సందేహం లేదు. దానితోపాటు ఇది పాఠం కూడా. మన బడిలో పిల్లలు ఏ వాడ నుంచి వచ్చినా ఒకే వరుసలో, ఆ రోజు పక్కన ఎవరుంటే వాళ్ళతో కూర్చుని తింటారు. వడ్డించే వంతు అందరికీ వస్తుంది. ఫలానా పిల్లల చేత వడ్డించవద్దని గానీ, ఫలానా వారు వండితే మా బిడ్డ తినదని గానీ ఎవరు వచ్చి చెప్పినా, ఎంత పెద్దవారైనా సరే, మేము వినం. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది. బడి గుమ్మంలో దానికి చోటు ఇస్తే మేము చెప్పే చదువంతా బూడిదలో పోసిన పన్నీరే. ఎవరూ చేరదీయని పిల్లల కోసం భాగ్యరెడ్డి వర్మ గారు హైదరాబాదులో, ఆడపిల్లల కోసం కందుకూరి వీరేశలింగం గారు 1874లో ధవళేశ్వరంలో బడులు తెరిచినప్పుడు ఎదుర్కొన్నది ఈ అడ్డుగోడలనే.

ఆడపిల్లలు గది ఊడవడం, మగపిల్లలు బల్లలు మోయడం అనే అలవాటు కూడా ఈ ఏడాది నుంచి ఉండదు. పనుల పట్టిక గోడ మీద పెట్టాం. ఊడ్చే పని, మొక్కలకు నీళ్ళు పోసే పని, పుస్తకాలు సర్దే పని, గంట కొట్టే పని వారం వారం మారుతూ అందరికీ వస్తాయి. ఇంట్లో తమ్ముడిని ఎత్తుకోవడానికి అక్కను బడి మాన్పించడం మన ఊళ్ళో ఇంకా ఉంది. చిన్నపిల్లలను అంగన్‌వాడీకి పంపండి, అక్కను బడికి పంపండి. ఆ రెండు గుమ్మాలూ మన ఊళ్ళో పక్కపక్కనే ఉన్నాయి.

ఆటలు, పాటలు, బొమ్మలు గీయడం రోజూ ఉంటాయి. వాటిని చదువు అయిపోయాక మిగిలిన సమయంలో పెట్టే విషయాలుగా మేము చూడటం లేదు.

మార్కులు, ర్యాంకుల గురించి ఒక మాట. పరీక్షలు జరుగుతాయి, ఫలితాలు మీకు చెబుతాం. అయితే ఒకటో తరగతి బిడ్డకు పదిహేడో ర్యాంకు వచ్చిందని తెలిస్తే ఆ తల్లి ఏమి చేయగలదు? దిగులు పడటం తప్ప చేయగలిగింది లేదు. ఒత్తులు లేని పదాలు చదువుతోంది, ఒత్తుల దగ్గర ఆగుతోంది, కూడికలు వచ్చాయి, తీసివేతలో కట్ట విప్పడం ఇంకా రావాలి అని తెలిస్తే, తల్లికీ ఉపాధ్యాయుడికీ కూడా రేపు ఏమి చేయాలో తెలుస్తుంది. కనుక ప్రతి బిడ్డకూ ఒక పేజీ పెట్టాం. అందులో ఆ బిడ్డ ఏమి చేయగలదో, తరువాత ఏమి నేర్చుకోవాలో రాసి ఉంటుంది. చదువు రాని తల్లిదండ్రులకు దాన్ని చదివి వినిపిస్తాం.

మీ నుంచి మాకు కావలసినవి ఎక్కువ లేవు. ప్రాథమిక తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు ఉండాలని చట్టం చెబుతోంది. వారానికి ఒక్కరోజు మానే బిడ్డ ఏడాది తిరిగేసరికి ముప్పై రోజులకు పైగా పోగొట్టుకుంటుంది, పైగా ఆ ఒక్కరోజు చెప్పినది తెలియక మరుసటి రోజు పాఠమూ అందదు. పండగలకు, పెళ్ళిళ్ళకు, జీడితోటల పనికి బిడ్డను మాన్పించే ముందు ఈ లెక్క వేసుకోండి. పనికోసం కుటుంబంతో వలస వెళ్ళవలసి వస్తే ముందుగా మాకు చెప్పండి. బిడ్డను ఇక్కడే పెద్దవాళ్ళ దగ్గర ఉంచడమా, వెళ్ళిన చోట బడిలో చేర్చడమా అన్నది కలిసి చూద్దాం. ఏ ప్రభుత్వ బడి అయినా ఆ వయసు బిడ్డను చేర్చుకోవలసిందే, కాగితాలు లేవని తిప్పి పంపడానికి వీల్లేదు.

యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సభ్యులలో సగం మంది మహిళలు కావాలని చట్టం నిర్దేశించింది. సంతకాలు పెట్టడానికి మాత్రమే మిమ్మల్ని ఎన్నుకోలేదు. వంటగదిలోకి వచ్చి బియ్యం చూడండి, మరుగుదొడ్లలో నీళ్ళు వస్తున్నాయో లేదో చూడండి, ఉపాధ్యాయుడు ఏ పూట రాకపోతే ఎందుకు రాలేదో అడగండి. అన్నిటికంటే ముందు, పిల్లలు చదువుతున్నారో లేదో చూడండి.

అందుకోసం ప్రతి నెలా చివరి శనివారం మధ్యాహ్నం తరగతి గదులన్నీ మీకోసం తెరిచి ఉంచుతాం. మీ బిడ్డ మీ పక్కన కూర్చుని, బీరువాలో నుంచి మీరు తీసి ఇచ్చిన పుస్తకంలో ఒక పేజీ చదువుతుంది, ఆ తరువాత అందులో ఏముందో మీకు చెబుతుంది. మీకు చదువు రాకపోయినా ఫరవాలేదు, బిడ్డ చెప్పినది మీకు అర్థమైందో లేదో మీకే తెలుస్తుంది. అర్థం కాకపోతే మొహమాటపడకుండా తరగతి ఉపాధ్యాయుడికి చెప్పండి. ఆ బిడ్డతో ఎవరు కూర్చోవాలి, రోజూ ఎంతసేపు కూర్చోవాలి, మళ్ళీ ఎప్పుడు చూడాలి అన్నది అప్పటికప్పుడే ఆ బిడ్డ పేజీలో రాసి, మీకు చదివి వినిపిస్తాం. మొదటి సమావేశం ఈ నెలాఖరు శనివారమే. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి, వెనుక కూర్చున్న తల్లుల నుంచి మొదలుపెడదాం.